నలభై ఇళ్ళ నీళ్ళు

"రెండువందల పద్నాలుగు సైట్లంటప్పా!"

ఈరప్ప పెట్టిన ఆ కేకకు బాగేపల్లి తాలూకాలోని ఆ చిన్న ఊరు మడకలు మళ్ళలోనే వదిలేసి పంచాయితి అరుగు దగ్గరికి వచ్చిపడింది. ఇళ్ళస్థలాలు పంచుతున్నారని కొందరు రేషన్ కార్డులు పట్టుకొచ్చారు. కొందరు మూల సైటు మాదంటే మాదని అప్పుడే జుట్లు పట్టుకున్నారు.

బెంగళూరు నుంచి కారులో వచ్చిన డాక్టర్ వీణ బిత్తరపోయింది. చిక్కబళ్ళాపురం అంగడివాళ్ళ ఆడపిల్ల. ఎముకల జబ్బుల మీద పరిశోధన ఆమె పని.

"సైట్లు కాదప్పా, సైటేషన్లు! ఆరేండ్ల కింద, రెండువేల రెండులో, మీ ఊరి మీద పేపరు రాసినా కదా. దాన్ని రెండువందల పద్నాలుగు మంది వాళ్ళ పేపర్లలో ఎత్తి చెప్పినారు."

"చెప్పి?" అన్నాడు ఊరిపెద్ద పిళ్ళప్ప. మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగి అడిగాడు.

"వచ్చే వారం నాకు ప్రొఫెసరు పనికి ఇంటర్వ్యూ ఉండాది. ఆ పేపరు వల్ల ఊరికి మేలయిందని ఈ కాగితం మీద మీరొక ముద్ర వేసిస్తే చాలు."

ఆ పేపరు చెప్పిందేమంటే, నలభై ఇళ్ళ తాగేనీళ్ళు పరీక్షిస్తే ఫ్లోరైడు లేశమే. కాబట్టి ఇక్కడి ఎముకలు వంగేది నీళ్ళవల్ల కాదు, తిండి చాలక. నలభై సీసాల్లోనూ అంకెలు కవలపిల్లల్లా ఒకేలా వచ్చాయని పత్రికవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఆ పేపరు చూసి సర్కారు ఊరికి కాల్షియం మాత్రలు పంపింది, ఊరికి రావలసిన నీటిశుద్ధి యంత్రాన్ని ఇంకో ఊరికి పంపింది. వీణ వ్యాసం మాత్రం ఏ వృత్తంలోనూ ఇమడకుండా దేశాలు తిరిగింది.

అక్కయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. వీణ గటగటా తాగింది.

"మా చిక్కబళ్ళాపురంలో కూడా ఇంత మంచి నీళ్ళు లేవమ్మా."

అంతలో అక్కయమ్మ మనవరాలు స్మిత బిందెతో వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. అడుగు తీసి అడుగు వేస్తే మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. కొత్త మనిషిని చూసి నవ్వింది. ఈ సీమలో పళ్ళను పండ్లంటారు. ఆ పిల్లవి కాయలప్పుడే మాగిన పండ్లు, గోధుమరంగు చారలతో. వీణ లేచి నిలబడింది. తిండి చాలకపోతే కాళ్ళు వంగొచ్చు గానీ పళ్ళకు ఆ చారలు పడవు; అవి ఫ్లోరైడు గీసే గీతలు.

"ఏ నీళ్ళు పాపా అవి?"

"బోరింగువి."

"మరి ఈ చెంబులోవి?"

"అవి కొండకింద బాయివమ్మా," అంది అక్కయమ్మ. "కోసు దూరం. మాకు దినామూ యాడ మొయ్యడానికవుతాది? వచ్చినోళ్ళకే తెస్తాము. ఇంటికొచ్చినోళ్ళకి బోరింగు నీళ్ళిస్తామా, మానం మర్యాదా ఉండొద్దా?"

"ఆరేండ్ల కింద నా సీసాల్లో పోసినవి?"

"బాయివే! బెంగళూరోళ్ళు వస్తాండారు, ఊరి పరువు పోగూడదని ముందురోజే నలభై ఇండ్లకీ బిందెలు మోసినాము. నా నడుము ఆ దినమే పడింది."

వీణ నీళ్ళు నమిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆరేళ్ళుగా అంతకంటే గట్టి నీళ్ళు నములుతున్నారు.

పిళ్ళప్ప ముద్రకు సిరా అద్దాడు. "యాడ వెయ్యాల తల్లీ?"

కాగితం ఆమె చేతిలోనే ఉంది. చాపితే చాలు.

"వెయ్యొద్దప్పా," అంది వీణ కాగితం మడిచేస్తూ. ప్రొఫెసరు కుర్చీకి అక్కడే, ఆ బావినీళ్ళతోనే నీళ్ళొదులుకుంది. గొంతు పెంచింది. "అందరూ వినండి. నేను పరీక్ష చేసింది మీరు తాగే నీళ్ళు కాదు, నాకు మర్యాద చేసిన నీళ్ళు. నలభై ఇండ్లవి అనుకున్నా, అంతా ఒక్క బాయివి. మీ బోరులో ఏముందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూసే పని లేదని నా పేపరే చెప్పింది. దాన్ని వాపసు తీసుకుంటా."

"మరి దాన్ని నమ్మినోళ్ళు?" అన్నాడు ఈరప్ప. "మాకంటే ఎక్కువమందే మోసపోయినట్లుండాదే!"



అక్కయమ్మ పిల్ల నెత్తిమీది బిందె దించింది. "అయితే మేము మర్యాద చేసిందానికా అమ్మా, దీని కాళ్ళు ఇట్లయినాయి?"

"కాదమ్మా. బోరు దగ్గరికి పోయి నేనే పట్టుకోవాల్సింది. ఎండగా ఉండాదని సీసాలు మీ చేతికిచ్చి నేను కారులో కూర్చున్నా."