ఊరివాళ్ళ ద్వారం

హోటల్ మెట్లు దిగి వీధిలోకి వచ్చినప్పటినుంచీ ఎన్నడూ చూడని ఆ పరాయిదేశపు నగరంలో అందరూ ఇందుమతిని గుర్తుపడుతున్నారు.

రొట్టెలమ్మే అతను బండి ఆపి, ఇన్నాళ్ళూ కనబడలేదేమని నిష్ఠూరమాడతాడు. ట్రాము నడిపే ఆమె గంట కొట్టి చెయ్యి ఊపుతుంది. పూలకొట్టు ముసలాయన మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతాడు. ఇందుమతికి మోకాలి నొప్పి ఉన్న మాట నిజమే. "చలికి కాస్త పట్టేస్తోందండీ," అంటుంది ఆమె, ఆ ఊరి భాషలో. ఆ భాష ఆమెకు రాదు. అడిగినదానికి పలక్కపోతే బాగుండదని పలుకుతోంది, అంతే.

ఆమె భర్త గంగాధరం కాస్త ముందు నడుస్తున్నాడు. తణుకులో ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆ షాపుకు ఇలా వరసగా ఇన్ని రోజులు తాళం వెయ్యడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. మెడలో కెమెరా, వీపున సంచీ, సంచీలో పులిహోర పొట్లాలు. చూడాల్సిన చోట్లన్నీ దారులతో సహా ఆయనకు నోటికి వచ్చు.

"ఏంటంటాడే ఆ ముసలాయన?"

"మోకాలు ఎలా ఉందని."

"మంచివాళ్ళేనే ఈ ఊరివాళ్ళు," అంటాడు గంగాధరం. "కోటకి ఇటేనేమో ఓసారి కనుక్కో."

ఆమె కనుక్కుంటుంది. ముసలాయన నవ్వుతాడు. సొంతింటికి దారి ఎవరైనా అడుగుతారా అంటాడు. ఆ మాట ఇందుమతి భర్తకు చెప్పదు. "తిన్నగానేనట," అని మాత్రం అంటుంది.

కోటకు రెండు ద్వారాలున్నాయి. పెద్దది చూడవచ్చినవాళ్ళది. దాని ముందు జనం బారులు తీరి ఉన్నారు. చిన్నది ఊరివాళ్ళది. కాపలావాడు గంగాధరాన్ని వరసలో నిలబెట్టి, ఇందుమతికి చిన్న తలుపు తీస్తాడు.

"మేమిద్దరం ఒకటేనండీ," అంటుంది ఆమె.

"ఒకటే అయితే ఒక ద్వారం పెట్టేవాళ్ళం కదమ్మా," అంటాడు కాపలావాడు, చాలా మర్యాదగా. "ఇద్దరు కాబట్టే రెండు."

"ఫర్లేదు, వెళ్ళవే," అంటాడు గంగాధరం వరసలోంచి. "ఎండలో నిలబడే బాధ తప్పింది నీకు. లోపల కలుద్దాం."

చిన్న తలుపు వెనక వంటగది ఉంది. పొయ్యి మీద పాలు గిన్నె అంచుదాకా వచ్చి ఆగి ఉన్నాయి. పక్కన పీట మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఇందుమతిని చూసి ఊపిరి పీల్చుకుని, ఆమె చేతిలో గరిటె పెడుతుంది.

"నువ్వొచ్చేదాకా పొంగొద్దని చెప్పాను. పాపం, విన్నాయి. ఇక నువ్వు చూసుకో."

గరిటె కాడ ఇందుమతి వేళ్ళు పట్టేచోట అరిగి ఉంది. ఆమె పాలు కలుపుతుంది. పాలు కొంచెం దిగి, మళ్ళీ అంచుదాకా వస్తాయి. అక్కడ ఆగి ఆమె వంక చూస్తాయి.

మా ఆయన ఎదురుచూస్తుంటారు, వెళ్ళొస్తాను, అనబోతుంది ఇందుమతి. నోట్లోంచి "వచ్చాను" అని వస్తుంది. మళ్ళీ అనబోతుంది. "వచ్చాను. వచ్చాను."

"వచ్చావుగా. ఎన్నిసార్లు చెబుతావు?" అంటుంది ముసలామె.

ఆ భాషలో వెళ్ళడానికి మాట లేదు. పంటి సందులో ఇరుక్కున్న పీచు కోసం వెతికినట్టు ఇందుమతి నాలుకతో నోరంతా వెతుకుతుంది. లేదు. వెనక్కి తిరిగితే, తను వచ్చిన తలుపు అలమర అయి ఉంది. తీసి చూస్తుంది. లోపల కంచాలు, ఒకదాని మీద ఒకటి. వాటిని కిందికి దించి వెనక గోడను అరచేత్తో తడుతుంది. గట్టి గోడే. కంచాలను మళ్ళీ ఎలా ఉన్నవాటిని అలా సర్దుతుంది.

వంటగదికి ఒకవైపు గోడ లేదు. అక్కడ ఎర్రతాడు కట్టి ఉంది. తాడు అవతల వరండాలో చూడవచ్చినవాళ్ళు గుంపులుగా నడిచిపోతున్నారు. ఇందుమతి తాడు వైపు నడుస్తుంది. ఎంత నడిచినా పొయ్యి ఆమె పక్కనే ఉంటుంది. తాడు అంతే దూరంలో ఉంటుంది.

గుంపులోంచి గంగాధరం కనబడతాడు.

"ఇందూ! ఇక్కడున్నావా? రా, రా, పైన అద్దాల మేడ ఉంది. మూసేస్తారు."

"రాలేకపోతున్నానండీ."

"ఆ గిన్నె దించేసి రావే."

"దించితే పొంగుతాయిట."

గంగాధరం తాడు మీదుగా కాలు ఎత్తుతాడు. ఇందాకటి కాపలావాడే వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఊరివాళ్ళు తప్ప ఎవరూ తాడు దాటకూడదంటాడు. ఇందుమతి ఆ మాట తెలుగులో చెబుతుంది.

"ఊరివాణ్ణి అవ్వాలంటే ఏం చెయ్యాలిట?"

"మిమ్మల్ని ఎవరైనా గుర్తుపట్టాలిట," అంటుంది ఇందుమతి, కాపలావాణ్ణి అడిగి.

"నువ్వున్నావు కదే!"

"మొగుడని చెబితే చాలదుట. మీరు ఎవరికీ చూపించనిదేదో నేను చెప్పాలిట."

ముసలామె పీట మీంచి ముందుకు వంగి ఇందుమతి చెవిలో చెబుతుంది. "గుర్తుపడితే నీలాగే ఇక్కడ ఉండిపోతాడు. పట్టకపోతే వాళ్ళందరితో కలిసి బయటికి పోతాడు. నీ ఇష్టం."

ఇందుమతి గరిటె తిప్పుతూనే ఉంది. ఆయన పంచదార లేకుండా కాఫీ తాగుతారన్న సంగతి బజారంతటికీ తెలుసు. గురక సంగతి హోటల్లో పక్క గదివాళ్ళకి కూడా తెలుసు. కానీ చెప్పదగ్గది ఒకటుంది. అది నాలుక చివరే ఉంది, తెలుగులోనే ఉంది. ఆమె పెదాలు బిగించుకుంటుంది.

"మీరు వెళ్ళిపోండి," అంటుంది. "పాస్‌పోర్టులు పెట్టెలో అడుగున, నా శాలువా కింద ఉన్నాయి. వెళ్ళి షాపు తీసుకోండి. ఇందులోకొస్తే మళ్ళీ బయటికి దారి లేదండీ."

వెనకనుంచి జనం తోస్తున్నారు. గంగాధరం తాడును రెండు చేతులా పట్టుకుంటాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. చొక్కాతో తుడిస్తే గీతలు పడతాయని వచ్చినవాళ్ళందర్నీ కోప్పడే మనిషి.

"నీకేం తెలియదా ఇందూ? ఒక్కటీ తెలియదా?" అంటాడు. "తెలియకపోతే తెలియదను, పోతాను. తెలిసి మాత్రం చెప్పకుండా పంపకు."

ఆయన ముఖం అంత చిన్నగా అయిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. పాలు కూడా చప్పుడు చెయ్యడం మానేశాయి.

"చేయించుకుని, తీసుకెళ్ళకుండానే చచ్చిపోయినవాళ్ళ కళ్ళజోళ్ళు మీ కింది సొరుగులో ఉంటాయి," అంటుంది ఇందుమతి. "షాపు కట్టేసే ముందు అందులోంచి ఒకటి తీసి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా చూస్తారు. ఆ మనిషి చూడాల్సిందేదో మిగిలిపోయిందన్నట్టు."

తాడు దానంతటదే కింద పడుతుంది. గంగాధరం దాటి వస్తాడు. కాపలావాడు వంగి తాడు చుట్టుకుని పోతాడు. వరండా ఉన్నచోట ఇప్పుడు గోడ ఉంది. గోడ మీద పాత చెమ్మ మరకలున్నాయి.

"ఎప్పుడు చూశావు?"

"క్యారేజీ పట్టుకుని వచ్చాను ఓసారి. అట్నుంచటే వెనక్కెళ్ళిపోయాను."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పలేదు కదండీ."

గంగాధరం, అలవాటు కొద్దీ, దారులు వెతుకుతాడు. అలమర తీస్తాడు. పొగగొట్టంలోకి తల పెడతాడు. నేల మీది రాళ్ళను మడమతో ఒక్కొక్కటే కొడతాడు. ముసలామె ఆయనకు ఇబ్బంది కలగకుండా పీట పక్కకు జరుపుకుంటుంది. చివరికి వచ్చి ఇందుమతి పక్కన నిలబడతాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఆమె గరిటె ఆ చేతిలోకి మార్చి, తన చేతిని చీర కొంగుతో తుడుచుకుంటుంది.

"అలా గట్టిగా కాదు," అంటుంది. "మెల్లిగా తిప్పాలి."

"ఇలాగా?"

"ఆఁ, అలా."

వంటగదికి ఉన్న ఒక్క కిటికీలో వెలుతురు తగ్గుతుంది. నగరం నడిబొడ్డున ఉండే గడియారస్తంభం నడుము వంచి లోపలికి చూస్తోంది. దాని ఊపిరి పావురాల వాసన వేస్తోంది. బయట ఎవరో, తోసుకోకండి, అందరికీ కనబడతారు, అంటున్నారు.

"పక్కపక్కన నిలబడమంటున్నారండీ," అంటుంది ఇందుమతి. కొంగు సర్దుకుంటుంది. గంగాధరం జుట్టు చేత్తో వెనక్కి దువ్వుకుని ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరుగుతాడు. ఇద్దరూ కిటికీ వైపు చూస్తారు.

స్తంభం తృప్తిగా చూసి, పక్కకు తప్పుకుంటుంది. దాని వెనక పెద్ద వంతెన ఉంది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడి ఉంది. అది ముందుకు వస్తుంది. వంతెనకు కళ్ళు లేవు. తన మీది దీపాలన్నిటినీ ఒకచోటికి చేర్చి చూస్తుంది. దాని వెనక చర్చి గోపురాలు, వాటి వెనక గుర్రమెక్కిన రాతి సేనాధిపతి. ఇద్దర్నీ చూడవచ్చినవాళ్ళ వరస వీధి మలుపు దాకా ఉంది. అందరికంటే చివర నది నిలువుగా నిలబడి ఉంది. లోపల చేపల్ని అల్లరి చెయ్యొద్దని గదమాయిస్తూ, మునివేళ్ళ మీద లేచి, తన వంతు ఎప్పుడొస్తుందా అని ఇటే చూస్తోంది.