మల్లవరపాటి మైదానము

ఫాల్గుణ శుద్ధ దశమినాఁటి యపరాహ్ణమున భానుండు తాటితోఁపుల తలలపై నొరగి కోఁతలు ముగిసిన మినుపచేల మోళ్లను రాగిరేకులవలె మెఱయించుచుండ మల్లవరపాటి తూర్పుమైదానమున నూకపొట్టును నిసుకయుఁ గలిపి మెత్తఁజేసిన చెడుగుడు బరి నీళ్లు చిలుకరింపఁబడి సున్నపుగీఁతలు దీర్పఁబడి పరిసరగ్రామజనముచేఁ జుట్టుకొనఁబడి యుండెను.

ఆ జనమధ్యమునఁ బసుపువర్తకుఁడును మల్లవరపాటి చెడుగుడు సంఘమున కధ్యక్షుఁడును నగు చలమయ్యసెట్టి తన యాటగాండ్రను మఱల మఱల నెంచుకొనుచుండెను. ఎన్నిమాఱు లెంచినను నాఱుగురే. డెబ్బదియేండ్ల సంఘము వరుసగా రెండేండ్లు జట్టు నిలుపఁజాలకపోయెను. ఈయేడును నేడుగురు బరిలో నిలువనియెడలఁ బందెపు గ్రామముల పట్టికనుండి మల్లవరపాటి పేరు శాశ్వతముగాఁ గొట్టివేయఁబడును.

ఏడవవాఁడు లేకపోలేదు. ఇరువదియెనిమిదేండ్ల సింహాద్రి నడుమునకుఁ దువాలు బిగించి ప్రక్కనే నిలిచియుండెను. అతఁడు పెరిగినదియుఁ బెండ్లాడినదియు నాట నేర్చినదియు నీ యూరనే. పుట్టినది మాత్రము కంచెర్లంకలో. ఏ యూరి జట్టున నా యూర బొడ్డుకోయఁబడినవాఁడే యాడవలెనన్నది మల్లవరపాటి సంఘస్థాపకులు పట్టుబట్టి గ్రామములన్నిటిచే నొప్పించిన కట్టుబాటు. కూలికిఁ దెచ్చుకొనిన మల్లులతో వచ్చు గెలుపు గెలుపు కాదని వారి యభిప్రాయము.

ముప్పదియేండ్ల క్రిందట సర్కారువారు పురిటియాసుపత్రి కట్టుటకై యీ మైదానమునే యడిగిరి. నాఁడు చలమయ్యసెట్టి లాభనష్టములు తూఁచి "మైదానము పోయిన సంఘము పోవును. ఆసుపత్రి రెండు క్రోసుల దూరమున నున్నంతమాత్రమున మన బిడ్డలు పుట్టకపోరు" అని యూరి నొప్పించి దానిని గంచెర్లంకకుఁ ద్రోయించెను. జనులు పూలదండ వేసిరి. నాఁటినుండి మల్లవరపాటి స్త్రీలు నొప్పులు పడునది యా యూర. వారి బిడ్డలకు బొడ్డుకోయునది యా యూర. ఇప్పుడున్న యాఱుగురును ముప్పది దాఁటినవారే.

సెట్టి కంచెర్లంక జట్టుపెద్దయగు నూకరాజునాయనిఁ జేరి "నాయఁడుగారూ, ఈ యొక్కయేఁటికిఁ జూచి చూడనట్లుండుఁడు" అని వేఁడెను.

"సెట్టిగారూ, మా యన్నను మఱచితిరా? మా తల్లి తొలికాన్పునకుఁ బుట్టింటి కేఁగిన నేరమునకు వానిని బరాయివాఁడని బరినుండి వెడలించినది మీరే గదా. కట్టుబాటు కాటావంటిది, కాటాకుఁ జుట్టఱికము లేదని నాఁడు మీరే పలికితిరి" అని నాయఁడు నవ్వెను.

సెట్టి యా మాటను మనసునఁ దూఁచి చూచెను. పలుకు తనదే, తూకమునఁ దప్పు లేదు.

"ఆలాగునఁ జూచిన సింహాద్రి మావాఁడే. మాలో నొకనికి మోఁకాలు బెణఁకినది. పంపెదరా?" అని నాయఁడు మరల నడిగెను.

సింహాద్రి తల వంచుకొని "సెట్టితాతా, నే నింటికిఁ బోయెదను" అనెను.

"పోయి యేమి చేసెదవు? నీ యూపిరి నుప్పులో నూరవేయుదువా? నిలువయుంచిన సరకు పురుగుపట్టును. పోయి యాడుము" అని సెట్టి వాని వీఁపు తట్టెను.

పట్టికలో మల్లవరపాటి పేరు కొట్టివేయఁబడెను. పిదపఁ గంచెర్లంకపక్షమున సింహాద్రి మన్నంటి కన్నుల కద్దుకొని కూఁతపట్టి యెదుట నిలిచిన వేఱొక యూరివారి నిరువురఁ దాఁకి గీఁత చేరెను. మల్లవరపాటివారు వాడుకచొప్పున నొక్కపెట్టునఁ గేక వేసిరి. గెలుపు పొరుగూరిదని మఱుక్షణమునఁ దెలిసి యెత్తిన చేతులు దింపుకొనిరి. నేలను గాచుటయందు నేర్పరియై దానిపై నిలుచువారు పుట్టుటకుఁ జోటీయనివాని కా నేల పరుల గెలుపుఁ జూచుటకుఁ గూర్చుండు గట్టుమాత్రమే యగును.