నాలుగు వందల పద్దెనిమిదో పేజీ

ఏడిపించడం కూడా ఒక విద్యేనని ఒప్పుకుంటాను. ఆ విద్య ఉల్లిపాయకీ వచ్చు. దానికి తొమ్మిది వందల పేజీలు అక్కర్లేదు.

నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. నా ఎదురుగా మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, కూర్చుంటుంది. రచయిత చేత్తో రాసిన అసలు ప్రతి ఆమె దగ్గర, అచ్చుకి వెళ్లబోయే ప్రూఫు నా దగ్గర ఉంటాయి. ఆమె కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంది. నేను వింటూ ప్రూఫు చూస్తాను. విన్నదానికీ చూసినదానికీ తేడా వస్తే తప్పు ప్రూఫుదే. అచ్చులో ఉన్న మాట కొట్టేసి, విన్న మాట పక్కన రాస్తాను. అనుమానం వస్తే అసలు ప్రతి అడిగి చూడాలి. వదిన విషయంలో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఇలాంటి పనిలో కథ పట్టించుకోకూడదు. కథలో పడితే అక్షరం జారిపోతుంది. నేను ఎన్నో పెళ్లిళ్లూ యుద్ధాలూ దిద్దాను, ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరు గెలిచారో అడిగితే చెప్పలేను.

ఆ తొమ్మిది వందల పేజీల నవల వచ్చాక ప్రెస్సు ప్రెస్సంతా చావు ఇల్లయింది. టైపు చేసే ఆవిడ ముక్కు చీదుకుంటూ టైపు చేసింది. మా యజమాని తలుపు వేసుకుని చదివి, కళ్లు ఎర్రగా చేసుకుని బయటికొచ్చి, 'మహాకావ్యం' అన్నాడు. ఆయన కిందటేడు ఒక వంటల పుస్తకాన్ని కూడా మహాకావ్యం అన్నాడు.

కథ పట్టించుకోనన్నాను గానీ, ఇది పట్టించుకోకపోయినా మీద పడే రకం. వందో పేజీకి కథానాయిక తండ్రి పోతాడు. నూట యాభైలో ఇల్లు తగలబడుతుంది. రెండు వందలు దాటగానే మొగుడు ఇంకొకతెతో లేచిపోతాడు. మూడు వందల్లో ఆమె చెయ్యి మిషన్‌లో పడి నలిగిపోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఈయన దగ్గర రోకలికి విశ్రాంతే లేదు. ఇక మిగిలింది ఒక కూతురు. ఏడేళ్లది, ముద్దుగా మాట్లాడుతుంది. ముద్దుగా మాట్లాడినప్పుడే నాకు తెలుసు, ఇది దక్కదని.

"తల్లి గుండె పగిలింది కామా, ఆకాశం వైపు చూసింది కామా, ఆకాశం కూడా ఏడ్చింది ఆశ్చర్యార్థకం" అని వదిన చదివేది, సరుకుల చీటీ చదివినట్టు.

"ఆకాశానికి వేరే పని లేదు కాబోలు" అనేదాన్ని నేను.

"నోరు మూసుకుని దిద్దవే."

ఆ నవలాకారుడు ఒకసారి ప్రెస్సుకి వచ్చాడు. నలగని చొక్కా, నిండు బుగ్గలు. అంతమందిని చంపిన అలసట మొహంలో ఎక్కడా లేదు. నా కుర్చీ దగ్గర ఆగి, "చదువుతుంటే కన్నీళ్లు వచ్చాయా అమ్మా?" అని అడిగాడు.

"కామాలు ఎక్కువయ్యాయండి" అన్నాను.

పక్కనే ఉన్న యజమానికి పొలమారింది, అరగ్లాసు నీళ్లు తాగాడు.

నాకు ఏడుపు రాదని కాదు. నా వాటా నేను పదకొండేళ్ల కిందటే ఏడ్చేశాను. నాకూ ఒక కూతురుండేది. ఎనిమిదేళ్లది. వాగుడుకాయ, అందుకే పిట్ట అని పిలిచేవాళ్లం. జ్వరంతో ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజున పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నా ముందు దాని ఊసెత్తలేదు. దాని సంగతి ఎత్తాల్సి వస్తే 'అప్పుడు' అంటారు. 'అప్పుడు కొన్న మంచం', 'అప్పటి ఫొటో'. నేనూ మాట్లాడను. అందరూ దాన్ని గుండె ధైర్యం అనుకుంటారు. అనుకోనివ్వడమే నాకు సుఖంగా ఉంది. అందుకే కాగితం మీద దుఃఖాన్ని కిలోల లెక్కన అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి, సిగ్గుగానే ఉంది. ఒక ఆదివారం బట్టలు ఉతుకుతూ, నవల్లో శనివారం నాటి పేజీలో పిల్లకి వచ్చిన జ్వరం తగ్గిందో లేదో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకుని, దుప్పటిని అవసరానికి మించి బాదాను.

సోమవారం నాలుగు వందల పద్దెనిమిదో పేజీ వచ్చింది. పిల్ల ఆసుపత్రిలో ఉంది. వదిన ఎప్పటిలా చదువుతోంది, కాకపోతే కాస్త నెమ్మదిగా. ప్రూఫులో 'పిల్ల ఊపిరి ఆగిపోయింది' అని ఉంది. వదిన గొంతు మాత్రం "పిల్ల ఊపిరి కుదురుకుంది ఫుల్‌స్టాప్" అంది.

'ఆగిపోయింది' కొట్టేశాను. 'కుదురుకుంది' అని పక్కన రాశాను. అసలు ప్రతి అడగలేదు. మామూలుగా ఒక్క గీతతో కొట్టేసే మాటని ఆ రోజు మూడు గీతలతో కొట్టాను.

"గొంతు పట్టేసింది, ఇవాల్టికి చాలు" అంది వదిన. మర్నాడు వచ్చి, "తర్వాతి నాలుగు పేజీలూ నేనొక్కదాన్నే చూసేశాలే, నాలుగు వందల ఇరవై మూడు తియ్యి" అంది. ఒక్కరే చూడటం మా పనిలో లేదు. పోనీ, నాలుగు పేజీల ఏడుపు తప్పిందని సంతోషించాను.

బుధవారం పొద్దున టైపు చేసే ఆవిడ ప్రూఫు పట్టుకుని వచ్చింది.

"అక్కా, మీరు పిల్లని బతికించారు. మూడు పేజీలయ్యాక ఊరంతా వచ్చి తల్లిని ఓదారుస్తున్నారు. పిల్ల కోలుకుంటే ఓదార్పు ఎందుకు? ఏది ఉంచమంటారు?"

నేను వదిన వైపు చూశాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె కళ్లజోడు తుడవడం మొదలుపెట్టింది.

"ప్రూఫు ఇక్కడ పెట్టి వెళ్లమ్మా, నేను చూస్తాను" అన్నాను. ఆవిడ వెళ్లింది.

"వదినా, అసలు ప్రతి ఇటివ్వు."

"ఎందుకే ఇప్పుడు?"

"ఇరవై రెండేళ్లలో నువ్వు ఒక్క మాట తప్పు చదవలేదు. ఇటివ్వు."

"తప్పు చదవలేదు" అంది వదిన, కళ్లజోడు లేని కళ్లతో నన్ను చూస్తూ. "మార్చి చదివాను. ముందు రోజు రాత్రే ఆ పేజీ చూసుకున్నా. ఆ మాట నీకు వినిపించలేకపోయాను. ఆపైన నాలుగు పేజీలూ ఆసుపత్రీ, ఓదార్పులే. నువ్వేమో నవ్వుతూ కూర్చుంటావు, ఆ నవ్వు చూస్తూ ఎలా చదవమంటావు?"

"అచ్చయితే నా ఉద్యోగం పోయేది."

"పోతే పోయేది. నాలుగు పేజీలూ మార్చడం నావల్ల కాలేదు, లేకపోతే అదీ చేసేదాన్నే."

కోపం వచ్చింది. పదకొండేళ్లుగా ఇంటిల్లిపాదీ నా చుట్టూ మునివేళ్ల మీద నడుస్తున్నారని తెలుసు. ఆ నడక పుస్తకాల్లోకి కూడా వచ్చిందని తెలియలేదు. కాగితాలు లాక్కుని చదవడం మొదలుపెట్టాను. ఈసారి కామాల కోసం కాదు.

చెత్త. ఉన్నమాట చెబుతున్నా, చెత్త. ఆ ఏడేళ్ల పిల్ల పోయేముందు తల్లి చెయ్యి పట్టుకుని ఆరు వాక్యాలు మాట్లాడుతుంది. 'అమ్మా, నేను లేకపోయినా నువ్వు నవ్వుతూనే ఉండాలి' అంటుంది. 'నా బొమ్మలన్నీ పేదపిల్లలకి పంచిపెట్టు' అంటుంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఈయన చావకముందే కొలిచి పెట్టాడు. నూట నాలుగు జ్వరంలో ఉన్న పిల్ల కర్తా కర్మా క్రియా కుదుర్చుకుని మాట్లాడుతుందా? నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. ఈ నిండు బుగ్గలాయన ఒక్క పూటైనా అలాంటి మంచం పక్కన కూర్చోలేదు. పేజీ తిప్పాను, తిడుతూనే.

తిప్పిన పేజీలో నాలుగో వాక్యం ఇది. అంతా అయిపోయాక ఆ తల్లి నర్సుని పిలిచి, ఫ్యాను కాస్త తగ్గించమని అడుగుతుంది, పిల్లకి చలేస్తుందని.

అంతే ఉంది. ఆకాశం ఏడవలేదు, ఆశ్చర్యార్థకం కూడా లేదు.

నేను అడిగాను. అప్పటికి పావుగంటైంది. డాక్టరు వెళ్లిపోయాడు. మావారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను నర్సుతో, ఫ్యాను తగ్గించండి, పిల్లకి చలి అన్నాను. ఆమె నన్ను చూసి, ఫ్యాను తగ్గించింది. ఈ సంగతి నేను మావారితో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ దొంగకి ఎవరు చెప్పారు? తొమ్మిది వందల పేజీల చెత్త పోసి, మధ్యలో నాది ఒకటి ఎత్తుకొచ్చి పెట్టుకున్నాడు. అతన్ని చెడామడా తిట్టాలనుంది, అతని చేతులు పట్టుకోవాలనీ ఉంది.

"ఏముందే అందులో?" అంది వదిన భయంగా.

ప్రూఫు దగ్గరికి లాక్కున్నాను. కొట్టేసిన మాటని మళ్లీ ఉంచాలంటే దాని కింద వరసగా చుక్కలు పెట్టాలి.

"నేను పెడతా, ఇటివ్వు" అంది వదిన.

"దిద్దేది నేను."

మూడు గీతల కింద నలిగిన 'ఆగిపోయింది'కి ఒక్కో చుక్కా పెట్టాను. పక్కన 'ఉంచు' అని రాశాను. 'కుదురుకుంది' కొట్టేయాలి. దానికి చాలాసేపు పట్టింది. వదిన తొందరపెట్టలేదు. నేను కలం పక్కన పెట్టాక, పదకొండేళ్లలో ఎవరూ అడగనిది అడిగింది.

"మన పిట్ట... చివర్లో ఏమన్నా మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏమంది?"

"ఈ నవల్లో పిల్లకున్నంత పెద్ద మనసు నా కూతురికి లేదు వదినా. 'ఆ బిస్కెట్లు నావి, పక్కమంచం వాడికి పెట్టకు' అంది. అటు తిరిగి పడుకుంది. అంతే."

వదినకి నవ్వొచ్చింది. నవ్వుతూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ, మిగతాది కూడా చెప్పాలి.

"సామాన్లు సర్దుతుంటే ఆ పొట్లం కనబడింది. ఏం చేయాలో తోచలేదు. వాడికే ఇచ్చేశాను వదినా. అది వద్దంది, అయినా ఇచ్చేశాను."