పని: లేదు

యంత్రం ఆమె వేళ్ళను ఒప్పుకోలేదు. ఒకసారి కాదు, ఏడుసార్లు.

వీసా కేంద్రం కౌంటరులో కూర్చున్న అమ్మాయి మంచిదే, విసుక్కోలేదు. తడి కాగితంతో ఒక్కో వేలూ తుడిచి, "కొంచెం గట్టిగా నొక్కండి", "అంత గట్టిగా కాదు", "చెయ్యి వదులుగా పెట్టండి" అంటూ ఓపిగ్గా చెప్పింది. వేలిముద్ర పడితే గాజు పలక పక్కన పచ్చ దీపం వెలగాలి. ఎంతసేపటికీ ఎర్ర దీపమే వెలిగింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూడసాగారు. తప్పేదో చేసి దొరికిపోయినట్టు ఆమెకు చెవులు వేడెక్కాయి.

"మీరేం పని చేస్తారండీ? వేళ్ళ మీద గీతలే లేవు" అంది అమ్మాయి, తెర మీది దరఖాస్తు చూస్తూ. "ఇక్కడేమో పని లేదు అని ఉంది."

విదేశంలో ఉన్న ఆమె భర్త ఆ దరఖాస్తు నింపిన రోజే ఫోన్‌లో పదిసార్లు చెప్పాడు. అందులో ఏముందో నువ్వూ అదే చెప్పాలి, పొల్లు పోకూడదు అని.

"ఇంటిపనేనండీ. గిన్నెలు, బట్టలు..." అంది.

అమ్మాయి నమ్మిందో లేదో తెలియదు. "రెండు వారాలు చేతులకు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. మందు రాయండి. గీతలు మళ్ళీ వస్తాయి. ఇరవై ఎనిమిదిన రండి, అదే ఆఖరు తేదీ. అప్పటికీ పడకపోతే కారణం చెప్పి రుజువు పెట్టాలి. అదీ లేకపోతే దరఖాస్తు మూసేస్తారు. మళ్ళీ పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి" అంది.

ఏడాది! మొగుడి మొహాన్ని అరచేతిలో పట్టేంత తెర మీద చూడబట్టి ఇప్పటికే మూడున్నరేళ్ళయింది. ఇంకో ఏడాదంటే ఆమె వల్ల కాదు.

అసలు ఆమెకు పని లేకపోవడమేమిటి? పంతొమ్మిదేళ్ళుగా ఊపిరి తీసుకునే తీరికే లేదు. పుస్తకాల బైండింగు షాపులో ఆమెను అందరూ మడతక్క అంటారు. అచ్చయి వచ్చిన పెద్ద షీటును మూడు మడతలు పెడితే పదహారు పేజీలవుతాయి. లోపలి పేజీల అంకెలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ప్రతి మడతనూ చూపుడువేలితో పట్టి, బొటనవేలితో పైనుంచి కిందికి ఒత్తాలి. అలా రోజుకు రెండువేల షీట్లు. కాగితం చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, చేసిన వాళ్ళకే తెలుస్తుంది దాని సంగతి.

ఆమె భర్త కూడా ఆ షాపులోనే ఉండేవాడు. మొదట మడత పనిలో చేరి, తరవాత కటింగు మిషనుకు మారాడు. పెళ్ళికి ముందు రెండేళ్ళు, తరవాత పదేళ్ళు, ఇద్దరూ ఎదురెదురుగా పనిచేశారు. అలాంటి మనిషి దరఖాస్తులో 'భార్య చేసే పని' అన్న గడిలో 'లేదు' అని రాశాడు. కారణం లేకపోలేదు. ఉద్యోగమని రాస్తే రుజువులడుగుతారు, షాపు ఓనరేమో ఏనాడూ ఎవరికీ ఒక్క కాగితం రాసిచ్చిన పాపాన పోలేదు. లేదని రాసేస్తే ఏ పేచీ ఉండదని అక్కడెవరో తెలిసినవాడు సలహా ఇచ్చాడట. అప్పట్లో ఆమె కూడా సరేనంది. కానీ ఆ మాట పరాయి పిల్ల నోట వినేసరికి లోపలెక్కడో కలుక్కుమంది.

ఇంట్లో ఆమెతో ఉండేది భర్త అక్క. మందుల షాపులో పనిచేస్తుంది. లోకంలో ప్రతి విషయం మీదా తీర్పు చెబుతుంది కాబట్టి వీధిలో అందరూ చాటుగా ఆవిడను జడ్జిగారంటారు. సంగతి వినీ వినగానే తీర్పు వచ్చేసింది.

"ఈ రెండు వారాలూ నువ్వు ఇటు పుల్ల తీసి అటు పెట్టడానికి వీల్లేదు. గిన్నెలు నేను కడుగుతా, బట్టలు నేను ఉతుకుతా. వెళ్ళాక మా తమ్ముడి దగ్గర నా గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పు, చాలు."

షాపు నుంచి మందు డబ్బా తెచ్చి, రెండు చేతులకూ దట్టంగా పూసి, పాత మేజోళ్ళు తొడిగింది. వెనక్కి జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మహారాణీగారు" అంది.

మహారాణీగా ఉండడం ఎంత కష్టమో మూడోరోజుకే తెలిసొచ్చింది. వదిన బరబరా తల దువ్వితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చెంచాతో తినిపిస్తుంటే, మింగేలోపే ఇంకో చెంచా సిద్ధం. ఊరికే కూర్చుంటే చేతులు వాటంతటవే దుప్పటి అంచు మడవడం మొదలుపెట్టేవి. మేజోళ్ళలో ఉన్నా సరే!

"నీ చేతులు మడిచి ఒళ్ళో పెట్టుకోమ్మా తల్లీ! దుప్పటిని ఎందుకు మడుస్తావ్?" అని వదిన వంటింట్లోంచే కేక వేసేది. గోడల్లోంచి ఎలా కనిపించేదో ఏమో.

ఆరోరోజు షాపు ఓనరే ఇంటికొచ్చాడు. కొత్తగా చేరిన అమ్మాయిలు మడిచిన పుస్తకాల్లో పేజీలు తారుమారై, సగం సరుకు తిరిగొచ్చిందట. "చెయ్యి పెట్టొద్దక్కా. కూర్చుని నోటితో చెప్పు, చాలు" అని బతిమాలాడు.

వెళ్ళింది. మేజోళ్ళ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్తమ్మాయి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఎడమ చేత్తో మూల పట్టుకో. అలా కాదు. కొంచెం... అంటే..." అక్కడితో ఆగిపోయింది. ఎలాగో చెప్పడానికి మాట దొరకలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆమెను ఎవరూ ఇది అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకు నేర్పినప్పుడు కూడా చేసి చూపించిందే తప్ప చెప్పింది లేదు. కళ్ళు మూసుకుని, లేని షీటును గాల్లో మడిచి చూసుకుంది. అప్పుడు తెలిసింది, ప్రతి మడతకీ తను ఊపిరి వదులుతుందని.

"ఊపిరి వదులుతూ ఒత్తు" అంది.

కొత్తమ్మాయి అలాగే చేసింది. మడత నున్నగా కూర్చుంది, అంకె మీద అంకె. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "ఎన్నేళ్ళు నేర్చుకున్నావక్కా ఇది?"

"ఇంకా నేర్చుకుంటున్నా."

ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడవునా 'లేదు' అన్న మాటే చెవిలో మోగింది. ఇంత ఉన్నదాన్ని లేదని ఎలా రాశాడు? తను మాత్రం ఎలా సరేనంది? భర్త మీద కోపమొచ్చింది. తన మీద తనకు ఇంకా ఎక్కువ వచ్చింది.

పన్నెండోరోజు వదిన ఎక్కడినుంచో భూతద్దం పట్టుకొచ్చి, కిటికీ దగ్గర ఒక్కో వేలూ పరీక్ష చేసింది. ఎనిమిది వేళ్ళ మీద గీతలు సన్నగా లేచాయి. కుడి బొటనవేలు, చూపుడువేలు మాత్రం గచ్చులా నున్నగా ఉన్నాయి.

ఆ సాయంత్రం భర్తకు ఫోన్ చేసింది. "రెండు వేళ్ళకు గీతలు రాలేదు. కారణం అడుగుతారు."

"గిన్నెలు తోమి అరిగాయని చెప్పు."

ఆమెకు ఒళ్ళు మండింది. "గిన్నెలు తోమితే ఈ రెండే అరుగుతాయా? ఇవెందుకు అరిగాయో నీకు తెలీదూ? పన్నెండేళ్ళు ఎదురుగా నిలబడి చూశావు కదయ్యా!"

అతను గొంతు తగ్గించి అన్నాడు. "తెలుసు. కానీ తప్పు రాశానని ఇప్పుడు ఒప్పుకుంటే నా పర్మిట్టు మీదకే రావచ్చు. నిన్ను రప్పించడం అటుంచి, నన్నే పొమ్మంటే?"

కటింగు మిషను కత్తి కింద వేళ్ళు పెట్టి కాగితం సర్దిన మనిషి, ఒక చిన్న గడికి ఇంత భయపడుతున్నాడు. ఆమెకు పాపం అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది.

ఇరవై ఎనిమిదిన కౌంటరులో ఎనిమిది వేళ్ళకు పచ్చ దీపం వెలిగింది. మిగతా రెంటికీ ఎరుపే. అమ్మాయి లోపలికి వెళ్ళి, పై అధికారిని తీసుకొచ్చింది. కళ్ళద్దాల పెద్దాయన. వేళ్ళు చూసి, దరఖాస్తు చూసి, "కారణం?" అన్నాడు.

గిన్నెలు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఈయన రాసుకుంటాడు, బహుశా ఒప్పుకుంటాడు కూడా. అనకపోతే ఏమవుతుందో తెలియదు. ఆమె ఊపిరి వదిలింది.

"నేను పుస్తకాలు మడుస్తానండీ. బైండింగు పని. పంతొమ్మిదేళ్ళుగా."

"ఇందులో లేదని ఉందే?"

"తప్పు రాశామండీ. ఉంది."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ గడిని మళ్ళీ చదివాడు. "మూడు రోజులిస్తాను. పనిచేసే చోటునుంచి ఉత్తరం తేవాలి. దరఖాస్తు పెట్టింది మీవారు కాబట్టి, రాసింది తప్పని ఆయన చేత్తో రాసి సంతకం పెట్టాలి. రెండూ ఉండాలి. ఏది రాకపోయినా, తప్పుడు వివరాలిచ్చారని రాసి మూసేస్తాను" అన్నాడు.

ఓనరు మొదట నీళ్ళు నమిలాడు. కాగితం రాసిస్తే రేపెవరైనా పట్టుకొచ్చి అడుగుతారేమోనని గొణిగాడు. "నేను లేనన్నాళ్ళూ ఎన్ని పుస్తకాలు తిరిగొచ్చాయండీ?" అని అడిగింది ఆమె. ఆయన సొరుగులన్నీ వెతికాడు. ఊరందరి రిజిస్టర్లూ కట్టే షాపులో సొంత పేరున్న కాగితం ఒక్కటీ లేదు. చివరికి తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ముద్ర కొట్టాడు.

భర్తకు సంగతంతా ఒక్క గుక్కలో చెప్పింది. "చూస్తా" అని పెట్టేశాడు. ఆ రోజు మళ్ళీ ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. వదిన కూడా ఏ తీర్పూ చెప్పకుండా తిరిగింది. అది చూసే ఆమెకు అసలు భయం పట్టుకుంది. చేజేతులా చెడగొట్టుకున్నానా అనుకుంటూ ఫోన్ కేసి చూస్తూ కూర్చుంది.

మూడోరోజు మధ్యాహ్నం ఫోన్‌లో ఒక కాగితం ఫోటో దిగింది. వదినే ఫోన్ అందుకుని పైకి చదివింది.

"నా భార్య పని గురించి నేను రాసింది తప్పు. ఆమె పుస్తకాల బైండరు. నేను ఆ షాపులో చేరినప్పుడు నాకు మడత నేర్పింది ఆమే. రుజువు దొరకదన్న భయంతో పని లేదని రాశాను. తప్పు నాది, ఆమెది కాదు. దీనికి ఏ చర్య తీసుకున్నా నా మీదే తీసుకోండి."

కింద సంతకం. వదిన కళ్ళు తుడుచుకుంది, ఇక ఆగలేక తీర్పు చెప్పేసింది. "రాత మాత్రం ఇప్పటికీ కోడి గీకినట్టే ఉంది వెధవది. పద, కేంద్రం మూసేస్తారు!"

ఐదు వారాలకు కవరు వచ్చింది. అతని మీద ఏ చర్యా తీసుకోలేదు, ఒక హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టారు. ఆమె పాస్‌పోర్టు బయటికి తీసి, ముందు నట్టనడుమ తెరిచింది. కుట్టు మీద వేలు పోనిచ్చి, ముడి ఎక్కడ దాచారో వెతికి, "మంచి పనే" అంది.

"కుట్టు తరవాత చూద్దువు గానీ, ముందు వీసా చూడవే!" అని వదిన నెత్తి కొట్టుకుంది.

ఉంది. ఆమె ఫోటో పక్కనే, మెరిసే కాగితం మీద. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ప్రయాణానికి నెల రోజులుంది. మర్నాడు పొద్దున్నే ఆమె షాపుకు బయల్దేరితే, వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మళ్ళీ అరగదీసుకుంటావా ఆ వేళ్ళు? అక్కడ దిగగానే మళ్ళీ యంత్రం మీద పెట్టమంటారు. గీతల్లేవంటే ఏం చెప్తావ్?"

"ఏం పని చేస్తానో చెప్తా" అంటూ ఆమె చెప్పులు వేసుకుంది.