మిలిట్రీ బొమ్మ

పొద్దున తొమ్మిదయ్యేసరికి కుళ్ళాయప్ప రెండు కట్టలు విప్పి, పత్రికలు ఎడమకు, పుస్తకాలు కుడికి వేస్తున్నాడు. అనంతపురంలో మార్కండేయ పాతకాగితాల కొట్టులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని ఇదే. కట్టల్లో దొరికిన పాత బొమ్మ అసలుదో నకలో తేల్చేదీ ఆయనే. పొట్టి మనిషి. కాగితం రాపిడికి వేలిముద్రలు అరిగి, వేళ్ళ కొనలు నున్నబడ్డాయి. పాత బొమ్మలు సేకరించే బెంగళూరు ఆసామి, “కుళ్ళాయప్ప చూసినాడా?” అని అడిగి మరీ కొంటాడు.

కుళ్ళాయప్పకు రెండేళ్ళుగా చూపు పోతోంది. నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. మనుషుల్ని గొంతునుబట్టి పోల్చుకుంటూ, భూతద్దం కంటికి ఆనించి చూసినట్టు నటిస్తున్నాడు. సంగతి బయటపడితే మిగిలేది విడపనకల్లు దగ్గరి రాళ్ళచేను. నిరుడు అందులో వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. అందుకే అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ నకలనేస్తున్నాడు. నకలన్న మాటను ఎవరూ మళ్ళీ పరీక్షించరు. అయినా గడపలో అలికిడైతే చాలు, చప్పున భూతద్దం చేతికి తీసుకుంటాడు.

“ఏమప్పా, దీన్ని రవంత చూడు” అంది ఒక ముసలి గొంతు. గార్లదిన్నె నుంచి వచ్చిన తిమ్మక్క. చుట్టగా చుట్టిన పెద్ద కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది. “తుపాకి పట్టుకున్న మిలిట్రీవాని బొమ్మ. పట్టాళంలో చేరమని ఊరూరా అంటిచ్చినారంట. మా మామ దీన్ని చూసే యుద్ధానికి పోయినాడు. మా ఆయనప్పుడు కడుపులో ఉన్నాడంట. మామ మళ్ళా రాల్యా.”

కొట్టు యజమాని మార్కండేయ లేచి దగ్గరికొచ్చాడు. “అసలుదైతే బెంగళూరాయన ఎంతకైనా ఎత్తుకుంటాడు. చెప్పు కుళ్ళాయన్నా.”

కుళ్ళాయప్ప కాగితం తడిమాడు. మడతల దగ్గర పీచు లేచింది. వెనక, ఒకప్పుడు గోడకంటించిన మైదా బంక ఎండి పెళుసుగా తగిలింది. వేళ్ళు అసలుదే అంటున్నాయి. కానీ పాత కాగితం మీద కొత్త అచ్చు వేసే మోసగాళ్ళున్నారు. అది కళ్ళకే దొరుకుతుంది. భూతద్దం ఎత్తాడు. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. నకలు అనడానికి నోరు తెరిచాడు.

“నకలైతే చెప్పప్పా, పొయ్యిలో ఏసేస్తా. ఇన్నేండ్లు దాపెట్టింది చాలు” అంది తిమ్మక్క.

ఆయన భూతద్దం మార్కండేయ వైపు చాపాడు.

“నువ్వు చూడప్పా. రంగులో చుక్కలు వరసగా ఉండాయా, ఇసక చల్లినట్ల ఉండాయా?”

“నువ్వు చూసినావు కదా?”

“నాకు అగపడదు.”

మార్కండేయ భూతద్దం అందుకుని, వంగి చాలాసేపు చూశాడు.

“ఇసక చల్లినట్లే ఉండాది.”

“అయితే ఆ కాలంనాటి రాతి అచ్చు. వరస చుక్కలైతే ఇప్పటి మిషనుది. అసలుదే. మడతలకు టేపు గీపు అంటియ్యద్దు, విలువ పోతాది.”

తిమ్మక్క నేలమీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎన్నాళ్ళనుంచి ఇట్ల?” అన్నాడు మార్కండేయ.

“రెండేండ్లు.”

“ఆ రెండేండ్లూ నువ్వు నకలన్నవన్నీ?”

కుళ్ళాయప్ప ఒళ్ళోని బొమ్మను మళ్ళీ చుట్టాడు. అలా ఎన్ని తూకం కాగితాల్లో కలిసి గుజ్జు మిల్లుకు పోయాయో ఆయన లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టుకోవాలంటేనే భయం.

“ఇంటికి పోన్నా” అన్నాడు మార్కండేయ నెమ్మదిగా. “రేపట్నించి రావద్దులే.”

కుళ్ళాయప్ప గోడ పట్టుకుని లేచాడు. గడప దాటి, కాలికి తగిలిన చెప్పులు తొడుక్కుని, ఎండలోకి దిగి బస్టాండు వైపు మెల్లగా నడిచాడు.

మధ్యాహ్నం భోజనానికి బయల్దేరిన మార్కండేయ గడప దగ్గర ఆగిపోయాడు. తన కొత్త చెప్పుల్లో ఒక్కటే ఉంది. దాని పక్కన, బొటనవేలి ఉంగటానికి ఇనప తీగ చుట్టిన, మడమ దగ్గర బాగా అరిగిన కుళ్ళాయప్ప పాత చెప్పు.