ముప్పై ఆరు ఫైళ్ల గొంతు

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడెవరో, ఏ దేశంలో ఉంటాడో నాకు తెలియదు. ఉచితంగా రాసి లోకం మీదకు వదిలాడట. ఎక్కడున్నా వాడి కడుపు చల్లగా ఉండాలి, వాడి పిల్లాపాపా చల్లగా ఉండాలి. ఇప్పుడు ఈ మాట అంటున్న నోటితోనే తొమ్మిదేళ్లపాటు వాణ్ణి తిట్టని తిట్టు లేదు. ఎందుకంటే వాడి వల్ల నా ఉద్యోగం పోయింది.

ఉద్యోగమంటే జీతం వచ్చేది కాదు. మా ఆయన నరసింగరావు స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. డ్యూటీ దిగితే హామ్ రేడియో. లైసెన్సున్నవాళ్లు ఇంట్లో సొంత సెట్ పెట్టుకుని, డాబా మీద తీగ కట్టుకుని, ఏ దేశంవాళ్లతోనైనా మాట్లాడుకోవచ్చు. ఏడాదికి కొన్నిసార్లు వీళ్లకు పోటీలుంటాయి. రెండు రోజుల్లో ఎంతమందితో మాట్లాడితే అన్ని మార్కులు. మాట్లాడడమంటే కబుర్లు కాదు. అవతలివాడి కాల్‌సైన్, అంటే వాడి స్టేషన్ పేరు, తిరిగి వాడికి చెప్పాలి. వాడి మాట ఎంత బాగా వినిపిస్తోందో మన రిపోర్టు ఇచ్చి వాడిది పుచ్చుకోవాలి. థాంక్యూ. అంతా పది సెకన్లలో అయిపోవాలి. అయిన ప్రతిదీ లాగ్‌లో రాయాలి. ఒకే స్టేషన్‌ని రెండుసార్లు పట్టుకుంటే రెండోది దండగ.

ఆ రాసేదాన్ని నేను. ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 6లో మా క్వార్టర్ వెనక గదిలో ఆయన చెవులకొక హెడ్‌ఫోన్, నా చెవులకొకటి. ఆయన మాట్లాడుతుంటే నేను టైం వేసి కాల్‌సైన్ రాసేదాన్ని. పక్కన ఇంకో పెద్ద కాగితం మీద గళ్లు గీసుకుని, ఒకసారి వచ్చినవాడు మళ్లీ వస్తే ఆయన మోచెయ్యి గిల్లేదాన్ని. రబ్బరు ముట్టనిచ్చేవారు కాదు. ఫర్నేస్ లాగ్‌బుక్‌లో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలట, చెరపకూడదట. మా ఇంట్లోనూ అదే రూలు. పంతొమ్మిదేళ్లు అలా రాశాను. నాగపూర్ దాటి పడమటికి వెళ్లని మనిషిని, జపానువాడి యాసా ఇటలీవాడి యాసా వేరుచేసి చెప్పేదాన్ని.

అంతలో ఉదయ్‌కుమార్ వచ్చాడు. ప్లాంటు టెలికాం సెక్షన్‌లో ఇంజినీరు. వాళ్లది శ్రీకాకుళం, వాడు పుట్టి పెరిగింది సెక్టర్ 4. హామ్ పరీక్షకి మా ఆయన దగ్గర చదువుకున్నాడు కాబట్టి ఆయన గురూజీ, నేను దీదీ. వాడొక పాత కంప్యూటర్ మోసుకొచ్చి అందులో ఈ లాగింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కాల్‌సైన్ కొడితే చాలు, టైం అదే వేసుకుంటుంది, ఫ్రీక్వెన్సీ అదే వేసుకుంటుంది. పాత స్టేషన్ అయితే నేను గిల్లేలోపే ఎర్రగా చూపిస్తుంది. ఆ శనివారం నేను గీతలు గీసిన కాగితాలు పట్టుకుని కూర్చుంటే, మా ఆయన నన్ను చూసి, ఇంక నువ్వు రెస్టు తీసుకో అన్నారు. పంతొమ్మిదేళ్ల సర్వీసుకి అదీ వీడ్కోలు. శాలువా కూడా కప్పలేదు.

పోనీ అంతటితో ఆగారా. రెండు రోజులు అరిస్తే గొంతు పోతుంది గనక గొంతునీ కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చన్నాడు ఉదయ్. ఏకి ఆల్ఫా, బికి బ్రావో, సికి చార్లీ అని ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలూ పది అంకెలూ ఒక్కోటీ ఒక్కో ఫైలుగా రికార్డు చేసుకోవాలి. తర్వాత కాల్‌సైన్ టైపు చేస్తే ఆ ముక్కలు కలిపి మనిషి గొంతుతో అదే చదువుతుంది. "సీక్యూ కాంటెస్ట్" అని లోకాన్ని పిలవడానికొక బటన్, రిపోర్టుకొకటి, థాంక్యూకొకటి. ఒక ఆదివారం పొద్దున్న ఆయన గదిలో కూర్చుని ఆల్ఫా బ్రావో అని వల్లెవేస్తుంటే వంటింట్లో నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడిచ్చిన నోరుండగా దాన్ని డబ్బాకి అప్పగించడమేమిటని నోటికొచ్చినట్టు అరిచాను. ఆ తర్వాత పోటీ రోజుల్లో ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. నా పంతం నాది.

కిందటి మార్చిలో ఆయన గొంతులో గడ్డ ఉందన్నారు. రాయ్‌పూర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రంలోంచి ఊపిరి. ప్రాణం దక్కింది, ఆ డాక్టర్లకి రోజూ దండం పెట్టుకుంటాను. మాట మాత్రం పోయింది. ఫర్నేస్ హోరులో ఈ చివరినుంచి ఆ చివరికి కేకేసిన మనిషి, గుసగుస కూడా రాదు.

మొదట్లో నోట్‌బుక్‌లో పేజీలకు పేజీలు రాసేవారు. తర్వాత ఒక్కో లైను. తర్వాత నీళ్లు, చాలు, వద్దు. నన్ను పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. విశ్వకర్మ పూజకి ఏటా రేడియో సెట్‌కి తనే బొట్టు పెట్టేవారు. ఈసారి పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని నిలబడితే మంచం మీంచి లేవలేదు. దసరా వెళ్లాక నోట్‌బుక్ తీసి, "సెట్ ఉదయ్‌కి ఇచ్చెయ్. నాకెందుకు" అని రాసి నా చేతికిచ్చారు.

తిండి ఎలాగూ సగమే తింటున్నారు, ఎవరొచ్చినా మొహం చూపించడంలేదు. ఆ సెట్ గుమ్మం దాటితే వెనకే ఈ మనిషి కూడా నాకు మిగలడనిపించింది. అయినా ఆయన మాట కాదనలేక ఉదయ్‌కి ఫోన్ చేశాను.

వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. సెట్ విప్పేముందు పాత లాగ్‌లు దాచిపెడదామని కంప్యూటర్ పెట్టాడు. చెయ్యి అలవాటు ప్రకారం ఏదో బటన్ మీద పడింది. గదిలోంచి మా ఆయన గొంతు, నిండుగా, ఫర్నేస్ నాటి గొంతు, "సీక్యూ కాంటెస్ట్, సీక్యూ కాంటెస్ట్" అంది. నేను బియ్యం ఏరుతున్నాను. చాట చేతిలోంచి జారి బియ్యమంతా నేలపాలైంది. ఏడు నెలలైంది ఆ గొంతు విని.

ఆయన పడగ్గదిలోంచి వచ్చారు. ఎవరి వంకా చూడకుండా ప్లగ్గు పీకేసి వెళ్లి మళ్లీ పడుకున్నారు. ఉదయ్ కళ్లలో నీళ్లు. మాఫ్ చెయ్యమని నా చేతులు పట్టుకున్నాడు. తర్వాత కంప్యూటర్ వైపు చూపిస్తూ అన్నాడు.

"దీదీ, గురూజీ ఆవాజ్ పూరా ఇందులోనే ఉన్నాది. ముప్పై ఆరు ఫైళ్లు. సెవులు బాగున్నాయి, సేతి ఏళ్లు బాగున్నాయి. కాంటెస్ట్ సెయ్యడానికి ఇంకేటి కావాలి?"

నేను పడగ్గదిలోకి వెళ్లాను. ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు. సూటిగానే అన్నాను.

"మీ గొంతు మీకొద్దంటే మానీండి. నాకు కావాల."

నేను బయటికొచ్చి, అక్టోబరు ఆఖరి శని, ఆదివారాల పెద్ద కాంటెస్ట్ అయ్యేదాకా సెట్ కదిపేది లేదని ఉదయ్‌కి చెప్పాను. ఇంకా పది రోజులుంది. రోజూ సాయంత్రం వాడు డ్యూటీ దిగి వచ్చి, ఏ బటన్ ఏం పలుకుతుందో నాకు నేర్పాడు. చప్పుడు బయటికి రాకుండా హెడ్‌ఫోన్లలోనే నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లు తిట్టిన డబ్బా ముందు ఒంటి వేలితో కూర్చుంటే సిగ్గేసింది. అయినా అవసరం నాది కదా.

లోకానికంతటికీ కాంటెస్ట్ అంతర్జాతీయ టైం ప్రకారం సున్నా గంటలకి మొదలైతే మనకి అప్పుడు తెల్లవారి అయిదున్నర. శనివారం అయిదింటికే స్నానం చేసి సెట్ ముందు కూర్చున్నాను. స్పీకర్ పెద్దది చేశాను. అయిదున్నర కొట్టేసరికి జాతరలా గోల, దేశదేశాలవాళ్లు ఒకరిమీదొకరు అరుస్తున్నారు. పడగ్గదిలో అలికిడి లేదు. అప్పుడు నా దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం తీశాను.

మా ఆయనకి దేవుడి మీదకన్నా లైసెన్సు మీద భక్తి ఎక్కువ. ఉదయ్ పరీక్ష పాసవకముందు ఒకసారి సరదాకి మైకు ముట్టుకుంటే, నెల రోజులు వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. లైసెన్సు లేని మనిషి గాల్లోకి మాట పంపడం ఆయన లెక్కలో దొంగతనమే.

"ఇనండి," అన్నాను పడగ్గదికి వినపడేలా. "నాకు లైసెన్సు లేదు. ఈ బటన్ నొక్కితే మీ కాల్‌సైన్ మీద దొంగతనం సేసినట్టే. అయినా నొక్కుతున్నాను."

మంచం కిర్రుమంది. ఏడు నెలలుగా బాత్‌రూంకి కూడా గోడ పట్టుకుని నడిచిన మనిషి, ఉత్తకాళ్లతో పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. కోపంతో మొహం ఎర్రగా కందిపోయింది. ఆ కోపం చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నేను లేచి నిలబడి కుర్చీ వదిలాను. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, వచ్చేదాకా సీటు వదలకూడదు, వచ్చాక నిలవకూడదు అని ప్లాంటువాళ్ల పద్ధతి. రిలీవర్ వచ్చాడు, నా డ్యూటీ అయిపోయింది, ఇంక మీ ఇష్టం అన్నాను.

ఆయన నిలబడే ఉన్నారు. మళ్లీ ప్లగ్గు పీకుతారేమో అనుకున్నాను. కళ్లు స్క్రీన్ మీద, చెవులు స్పీకర్ మీద. ఎవడో జపానువాడు గాల్లో తంటాలు పడుతున్నాడు. ఆయన వేళ్లు బల్ల మీద రెండుసార్లు కొట్టుకున్నాయి. తర్వాత కూర్చున్నారు. డయల్ కొంచెం పక్కకి తిప్పి, ఖాళీ చోటు చూసుకుని, మొదటి బటన్ నొక్కారు.

ఆయన గొంతు డాబా మీది తీగ ఎక్కి వెళ్లిపోయింది. మూడోసారికి ఒక జపానువాడు బదులిచ్చాడు. ఆయన వేళ్లు టకటకా కాల్‌సైన్ కొట్టాయి. కంప్యూటర్ చదవడం మొదలెట్టింది, జె అక్షరానికి "జూలియట్" అని. ఆ జూలియట్ వెనకాల కుక్కర్ విజిల్, దాని వెనకాల ఒక ఆడమనిషి కేక: "ఉప్మా సల్లారిపోతంది!"

అది నేనే. తొమ్మిదేళ్ల కిందటి ఆదివారం నేను అరిచిన అరుపు ఆ అక్షరంలో ఇరుక్కుపోయింది. జపాన్ కాల్‌సైన్లలో ఎక్కువ భాగం ఆ అక్షరంతోనే మొదలవుతాయి. అంటే తొమ్మిదేళ్లుగా జపాన్ మొత్తానికి మా ఇంటి ఉప్మా చల్లారిపోతూనే ఉంది. జపానువాడు మాత్రం రిపోర్టు మర్యాదగా చెప్పి, థాంక్యూ అని వెళ్లిపోయాడు. నేను తల పట్టుకున్నాను. ఇదెప్పట్నుంచని అడిగాను. ఆయన నోట్‌బుక్ లాక్కుని రాశారు. "మొదట్నుంచీ. తెలుసు. మార్చలేదు."

మార్చబుద్ధి కాలేదా, బద్ధకమా అని నిలదీశాను. ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేదు గానీ అది నవ్వు. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే తర్వాతివాణ్ణి పిలిచారు. నేను వంటింట్లోకెళ్లి పొయ్యి ముందు నిలబడి కరువుతీరా ఏడ్చాను.

ఆ రోజు ఇడ్లీలు నాలుగు తిన్నారు. ఆదివారం మధ్యాహ్నానికి రెండొందల పన్నెండు స్టేషన్లు. ఉదయ్ సాయంత్రం కుమ్హారిలో వాళ్ల చుట్టాలింటికి వెళ్తూ దారిలో ఆగి, స్క్రీన్ చూసి, గురూజీ కాళ్లకి దండం పెట్టి వెళ్లాడు. సెట్ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. వెనక గదిలో గోల తగ్గింది. విరామం తీసుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అంతలో స్పీకర్లోంచి ఆయన గొంతు నెమ్మదిగా, ఒక్కో ముక్కే, విడివిడిగా పలికింది.

"ఇండియా. నవంబర్. డెల్టా. యూనిఫాం."

ఏ దేశం స్టేషనబ్బా ఇది అనుకున్నాను. పంతొమ్మిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. అంకె లేకుండా కాల్‌సైన్ ఉండదే, ఈయన తప్పు కొట్టారు, గీత కొట్టి సంతకం పెట్టాల్సిందే అనుకుంటూ కత్తిపీట మీంచి సగం లేచాను. లేస్తూ మనసులో అక్షరాలు రాసుకున్నాను. ఐ, ఎన్, డి, యు.

ఇందు.

నా పేరు ఇందుమతి. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. ఏయ్, ఇదిగో, ఏటే, వింటన్నావా. ఇవే తప్ప ఈ మనిషి ఒక్కనాడూ నన్ను పేరు పెట్టి పిలిచినవాడు కాదు. కానీ ఆ కంప్యూటర్‌లో ఏయ్ అన్న ఫైలు లేదు. ఇదిగో అన్న ఫైలూ లేదు. ఉన్నవి అక్షరాలే. నన్ను పిలవాలంటే పేరు కొట్టక తప్పలేదు.

గది గుమ్మంలో నిలబడ్డాను. ట్రాన్స్‌మిటర్ ఆపేసి ఉంది. ఆ పిలుపు జపాన్‌కి పోలేదు, రష్యాకి పోలేదు, ఒక్క మా వంటింటికే వచ్చింది. ఏం కావాలన్నాను. ఆయన ఖాళీ టీ గ్లాసు ఎత్తి చూపించారు.

"టీ ఇస్తాను గానీ, ముందు మళ్లీ నొక్కండి," అన్నాను.

నొక్కారు.