పాల బకెట్టు

పొద్దున్నే మా ఇంట్లో పాల బకెట్టు గురించి గొడవ. నా భర్త ఎర్మెక్ ఆవు పాలు పితికే బకెట్టులో నీళ్ళు పోసి, నా పియోనీ పూలు ఏడూ కోసి పెట్టాడు. వాళ్ళ ఆఫీసు డైరెక్టరు భార్య పుట్టినరోజట. బకెట్టుకి పసరు వాసన పట్టుకుంటుందన్నాను. "బకెట్టుకి ఇంత రాద్ధాంతమా" అంటూ కారు తాళాలు వెతుక్కున్నాడు. నా బాధ బకెట్టు గురించి కాదు. అసలు బాధ చెప్పడానికి కావలసిన మాట ఈ ఇంట్లో నేను పలకకూడదు.

మాలో కోడలు అత్తగారి పేరు పలకదు. మా అత్తగారి పేరు గుల్. మా భాషలో గుల్ అంటే పువ్వు. కాలేజీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని, పంతొమ్మిదేళ్ళుగా ఈ కరాకోల్ ఊళ్ళో, ఈ ఇంట్లో పువ్వుని "విచ్చేది" అంటున్నాను. మొదట్లో నాకే నవ్వొచ్చేది. నన్ను కూడా ఎవరూ జూపార్ అని పిలవరు. కోడలా అంటారు, అంతే.

ఆ పియోనీ దుంప మా అమ్మ పెరట్లోంచి తెచ్చుకున్నాను. మొలక కళ్ళు రెండు వేళ్ళ లోతులో ఉండాలి, ఇంకా లోతుకి పోతే ఆకులే మిగులుతాయి. కదిపితే అలిగి మూడేళ్ళు పూయదు. వీళ్ళు రెండుసార్లు కదిలించారు, ఒకసారి రొట్టెల పొయ్యి కోసం, ఒకసారి గొర్రెల పాక కోసం. మంచు కరిగాక ఎర్రటి మొలకలు వచ్చాయో లేదోనని వంగి చూసేది నేనొక్కదాన్నే. ఈసారి ఏడు మొగ్గలు. వాటి మీద పాకే చీమల్ని కూడా రోజూ చూసుకున్నాను. ఇంకెవరికైనా చెప్పాలనిపించేది, కానీ ఏమని చెప్పను?

సాయంత్రం భోజనాల దగ్గర ఎర్మెక్ హుషారుగా ఉన్నాడు. డైరెక్టరు భార్య పియోనీలు చూసి మురిసిపోయిందట, ఎక్కడివని అడిగిందట. "కొట్లో కొన్నానని చెప్పాను" అని నవ్వాడు. రేపు గారేజీకి పునాది తవ్వుతారని, నా "విచ్చేదాన్ని" ఇంకో మూలకి మార్చెయ్యమని కూడా అన్నాడు. ఆ మాటని నా గొంతుతోనే వెక్కిరించాడు.

"ఈ ఎండల్లో మార్చినా బతకదు. పీకి పారేస్తే పోలా" అన్నారు అత్తగారు.

నేను ఆవిడ గిన్నెలో టీ పోసి, కెటిల్ కింద పెట్టాను.

"గుల్ ఎక్కడికీ కదలదు" అన్నాను. "గారేజీ అటు పక్క కట్టుకోండి. రేపు పారలతో వచ్చేవాళ్ళకి నేనే చెప్తాను."

ఎర్మెక్ నమలడం ఆపేశాడు. మామగారు పోయిన దగ్గర్నుంచి ఆ పేరుతో ఈ ఇంట్లో అత్తగారిని ఎవరూ పిలవలేదు.

అత్తగారు చప్పున తలెత్తి, పిలిస్తే పలికినట్టు "ఆఁ" అన్నారు.